ట్రైలర్ మీద అభిమాని తొలి మాట: దేన్ని నమ్మాలి, దేన్ని వదిలేయాలి

ఫలానా రోజు సాయంత్రం ట్రైలర్ అని పోస్టర్ పడిన దగ్గర్నుంచి నెల్లూరు, కావలి, ఒంగోలు కుర్రాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో వేరే మాట ఉండదు. చెప్పిన టైముకు రాకుండా కాసేపు టెన్షన్ పెట్టడం మామూలే. వచ్చాక మాత్రం తీర్పు ఆలస్యం కాదు. రెండున్నర నిమిషాల వీడియో పూర్తయ్యీ కాకముందే "అదిరిందన్నా", "గ్రాఫిక్స్ తేలిపోయినాయబ్బా", "బీజీఎం (నేపథ్య సంగీతం) ఒక్కటే కాపాడింది", "కథంతా చెప్పేసినారే" అని మాటలు వచ్చి పడతాయి. మామూలు మాస్ సినిమాకో, కుటుంబ కథకో అయితే ఈ మాటల్లో పెద్దగా వెతకాల్సింది ఉండదు. హీరో నచ్చినవాడికి ట్రైలర్ నచ్చుతుంది. సైన్స్ ఫిక్షన్, జానపదం, ఫాంటసీ, హారర్, సూపర్ హీరో సినిమాల దగ్గర లెక్క మారిపోతుంది. ఇక్కడ హీరోతో పాటు ఎక్కడా లేని ఒక లోకాన్ని కూడా ప్రేక్షకుడి ముందు పెడుతున్నారు. టికెట్ కొనాలంటే ముందు ఆ లోకాన్ని నమ్మాలి. అందుకే ఇలాంటి ట్రైలర్లకు వచ్చే తొలి స్పందనను కాస్త విడదీసి చూడాలి.

ఆ స్పందనలో రెండు వేర్వేరు విషయాలు కలగలిసి ఉంటాయి. చూపించింది నిజంలా అనిపించిందా లేదా అన్నది ఒకటి. సినిమా ఎలా ఉండబోతోంది అన్నది ఇంకొకటి. మొదటి విషయంలో అభిమాని మాట చాలావరకు నమ్మదగింది. పెద్ద పెద్ద నిర్మాణ సంస్థలే ఆ మాట విని విడుదల తేదీలు మార్చుకున్నాయి. రెండో విషయంలో ఎంత సినిమా పిచ్చి ఉన్నవాడైనా చీకట్లో బాణం వేయాల్సిందే. తప్పు అతనిది కాదు, ట్రైలర్ తయారయ్యే పద్ధతిలోనే ఆ తిరకాసు ఉంది.

గ్రాఫిక్స్ తేలిపోయాయి అని కుర్రాళ్లు అనేటప్పుడు వాళ్ల కంటికి తగిలేది ఏమిటి? ఎక్కువసార్లు బరువు లేకపోవడం. కంప్యూటర్‌లో తయారు చేసిన రాక్షసుడు నేల మీద అడుగు వేస్తే ఆ నేలకు తెలియాలి. దుమ్ము లేవాలి, పాదం ఆనిన చోట నీడ చిక్కబడాలి, ఒంటి భారానికి మోకాలు కొంచెం వంగాలి. హీరో ముఖం మీద ఎండ ఎడమ నుంచి పడుతుంటే వెనకున్న కోట గోడ మీద కూడా ఎడమ నుంచే పడాలి. గ్రీన్ మ్యాట్ (వెనక వేరే దృశ్యం అతికించడానికి కట్టే పచ్చ తెర) ముందు నిలబెట్టి తీసిన షాట్‌లో వెంట్రుకల అంచులు కత్తిరించి అతికించినట్టు ఉంటే, వెనక ఎంత అద్భుతమైన స్వర్గం గీసినా ఉపయోగం లేదు. వీటికి స్టూడియోల్లో వేరే వేరే పేర్లు, వేరే వేరే విభాగాలు ఉంటాయి. చూసేవాడికి ఆ పేర్లతో పని లేదు. పుట్టినప్పటి నుంచి ఎండనూ నీడనూ చూస్తున్న కన్ను అది. ఎక్కడ తేడా కొట్టిందో చెప్పలేకపోయినా, తేడా కొట్టిందని మాత్రం సెకన్లలో చెబుతుంది.

సైన్స్ ఫిక్షన్ విషయంలో ఈ ప్రాంతపు కంటికి ఇంకో అనుభవం కూడా ఉంది. శ్రీహరికోట నుంచి తొలి రోహిణి సౌండింగ్ రాకెట్ (పై వాతావరణాన్ని పరిశీలించే చిన్న రాకెట్) లేచింది 1971 అక్టోబర్ 9న. అప్పటి నుంచి ఆ చుట్టుపక్కల జనానికి రాకెట్ అంటే మేడ ఎక్కి చూసే దృశ్యం. సూళ్లూరుపేట, తడ వైపు మేడల మీద నిలబడ్డవాళ్లకు ముందు వెలుగు కనబడుతుంది. తర్వాత నిప్పులు కక్కుతూ రాకెట్ నింపాదిగా పైకి లేస్తుంది. మోత అప్పటికి ఇంకా రాదు. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్ల వేగంతో ప్రయాణిస్తుంది కాబట్టి, పది కిలోమీటర్ల దూరంలో ఉన్నవాడి చెవిని చేరేసరికి దాదాపు అర నిమిషం పడుతుంది. 2023 జులై 14న చంద్రయాన్-3ను మోసుకెళ్లిన ఎల్‌వీఎం3 రాకెట్ బరువు దాదాపు 640 టన్నులు. అంత బరువు తారాజువ్వలా రివ్వున ఎగరదు. మొదటి క్షణాల్లో కదులుతోందా లేదా అన్నట్టే ఉంటుంది.

సినిమా వాళ్లు తరచూ మర్చిపోయేది ఇదే. పెద్ద వస్తువు పెద్దదని కంటికి తెలిసేది దాని నెమ్మదితనం వల్ల. వంద అడుగుల యంత్రమో, కొండంత జంతువో ఫ్రేములో చకచకా తిరిగితే అది బొమ్మలా కనబడుతుంది. ట్రైలర్ ఎడిటింగ్ వేగం దీనికి తోడై ఇంకా చెడగొడుతుంది. ఒక్కో షాట్‌కు సెకను కూడా ఇవ్వకుండా కోసేస్తే ఏ వస్తువుకూ బరువు కూడగట్టుకునే వ్యవధి ఉండదు. హాలీవుడ్ మంచి సైన్స్ ఫిక్షన్ ట్రైలర్లలో ఒక పెద్ద ఓడనో, ఒక కెరటాన్నో నాలుగైదు సెకన్లు అలాగే ఉంచేది అందుకే. తెలుగు ట్రైలర్లు ఆ ఓపిక ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాయి.

ఎక్కడ గ్రాఫిక్స్ వాడాలి, ఎక్కడ ఉన్నదాన్ని వాడుకోవాలి అన్న విచక్షణకు నెల్లూరు జిల్లాలోనే మంచి ఉదాహరణ దొరుకుతుంది. చేజర్ల మండలం పెరుమాళ్లపాడు దగ్గర, పెన్న ఒడ్డున, ఇసుకలో కూరుకుపోయిన నాగేశ్వరస్వామి గుడి ఉంది. తరాలుగా ఇసుక కిందే ఉన్న ఆ గుడిని 2020లో ఊరివాళ్లు తవ్వితే పైభాగం బయటపడింది. ఆ గుడినే 'కల్కి 2898 ఏడీ'లో వాడుకున్నారు. 2024 జూన్ 27న సినిమా విడుదలయ్యాక ఎక్కడెక్కడి నుంచో జనం దాన్ని వెతుక్కుంటూ పెరుమాళ్లపాడు వచ్చారు. వందల ఏళ్ల తర్వాతి కాలాన్ని చూపించే సినిమాలో, కాలం నిజంగా మింగేసిన గుడి ఒకటి కనబడటం చిన్న విషయం కాదు. రాతి చెక్కడాల సందుల్లో ఇరుక్కున్న ఇసుక, గోడ మీద తడి ఆరిన చారలు, ఒక వైపు అరిగిన అంచులు కంప్యూటర్‌లో తయారు చేయాలంటే ఒక బృందం నెలల తరబడి కూర్చోవాలి. పెన్న అవన్నీ ముందే చేసిపెట్టింది. అలాంటి నిజమైన రాయి ఒకటి కళ్ల ముందు ఉంటే, దాని పక్కన గీసిన ఆకాశాన్ని కూడా ప్రేక్షకుడు నమ్మేస్తాడు.

కల్కి వెనక నెల్లూరు సంబంధం ఆ గుడితో ఆగిపోదు. ఆ సినిమాకు స్క్రిప్ట్ దశలో మార్గదర్శకుడిగా పనిచేసిన సింగీతం శ్రీనివాసరావు పుట్టింది ఉదయగిరిలో, 1931లో. ఆయన 'మాయాబజార్'కు కె.వి.రెడ్డి దగ్గర సహాయకుడిగా పనిచేశారు. 1957లో వచ్చిన ఆ సినిమాలో ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు వాటంతటవే వెళ్లే దృశ్యాన్ని ఈనాటికీ పిల్లలు నోరు తెరిచి చూస్తారు. అప్పుడు కంప్యూటర్ లేదు. కెమెరామన్ మార్కస్ బార్ట్‌లీ పనితనం, షాట్‌కు ముందు పెట్టుకున్న లెక్క ఉన్నాయి. ఇంకోటి కూడా ఉంది: పళ్లెం బరువు, లడ్డూ గుండ్రం, ఎస్వీ రంగారావు నమలడం అన్నీ నిజం. ఒక్క కదలిక మాత్రమే మాయ. చూసేవాడు నమ్మాల్సింది ఒక్కటే కాబట్టి సులువుగా నమ్ముతాడు.

అదే సూత్రం సింగీతం 1991లో తీసిన 'ఆదిత్య 369'లోనూ కనబడుతుంది. నెల్లూరు తన మనిషిగా చెప్పుకునే ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం ఆ సినిమాకు సమర్పకులు. టైమ్ మెషీన్ అన్న మాటే తెలుగు ప్రేక్షకుడికి కొత్త అయిన రోజులవి. ఈ యంత్రం ఎక్కితే వెనక్కి పోవచ్చు, ముందుకూ పోవచ్చు అన్న ఒక్క నియమం తెలిస్తే చాలు. శ్రీకృష్ణదేవరాయల కొలువు దగ్గర్నుంచి 2504వ సంవత్సరం దాకా ప్రేక్షకుడు వెంట వచ్చేశాడు. 2025 ఏప్రిల్‌లో మళ్లీ థియేటర్లలో వేసినప్పుడు ఆ సెట్లు పాతబడినట్టు కనబడ్డాయేమో గానీ ఆ నియమం పాతబడలేదు. ఫాంటసీ ట్రైలర్ చేయాల్సిన మొదటి పని ఇదేనని గట్టిగా చెప్పుకోవాలి. ఈ లోకంలో ఏది సాధ్యమో, ఏది కాదో ఒక్క ముక్క అర్థమయ్యేలా చూపించాలి.

మన ట్రైలర్లలో చాలావాటికి ఆ పని చేసే తీరిక ఉండటం లేదు. రెండున్నర నిమిషాల్లో సగం హీరో ఎలివేషన్‌కే పోతుంది. ఒక ముసలాయన వచ్చి "వాడు రాబోతున్నాడు" అంటాడు. విలన్ "ఎవడు వాడు?" అంటాడు. ఇంకో గొంతు వాడి గొప్పతనం వర్ణిస్తుంది. ఇదంతా మాస్ సినిమాలో చెల్లుతుంది, ఎందుకంటే అక్కడ ఊరు, వీధి, పోలీస్ స్టేషన్ ప్రేక్షకుడికి ముందే తెలుసు. కొత్త లోకాన్ని పరిచయం చేయాల్సిన చోట ఇదే పద్ధతి వాడితే చివరికి హీరో మాత్రమే గుర్తుంటాడు. వాడు ఎక్కడున్నాడో, ఎవరితో ఎందుకు పోరాడుతున్నాడో బోధపడదు. "ఏం అర్థం కాలేదు గానీ బాగుంది" అని అభిమాని అంటే నిర్మాతలు మెచ్చుకోలు కింద తీసుకుంటారు. అందులో మొదటి సగం ఫిర్యాదే.

ఇక తేలిపోయిన గ్రాఫిక్స్ విషయానికి వద్దాం. దీనికి డబ్బు చాలకపోవడమే కారణమని అందరూ అనుకుంటారు. అంతకంటే పెద్ద కారణం క్యాలెండర్. గ్రాఫిక్స్ షాట్ ఒక్కసారిగా తయారు కాదు. ముందు కదలిక, తర్వాత వెలుగు నీడలు, ఆ తర్వాత నటుడి షాట్‌తో కలిపి అంచులు కలిసేలా చూడటం, అన్నిటికంటే చివర రంగులు సరిచేయడం. నిజంలా అనిపించే గుణం ఎక్కువగా ఈ చివరి దశల్లోనే వస్తుంది. ఆ చివరి దశ సినిమా విడుదలకు కొద్ది వారాల ముందు దాకా నడుస్తూనే ఉంటుంది. టీజర్ (ట్రైలర్ కంటే ముందు వదిలే చిన్న వీడియో) తేదీ మాత్రం పని ఎంతవరకు వచ్చిందన్నదాన్ని బట్టి ఖరారు కాదు. హీరో పుట్టినరోజు, దసరా, సంక్రాంతి, ఉగాది ఖరారు చేస్తాయి. ఆ రోజు ఏదో ఒకటి వదలకపోతే అభిమానులు ఊరుకోరు. వదిలితే సగం ఉడికిన షాట్లు బయటికి వస్తాయి. పుట్టినరోజుకు టీజర్ కావాలని పట్టుబట్టేదీ, వచ్చాక గ్రాఫిక్స్ బాలేదని బాధపడేదీ ఒకే అభిమాని. రెండు కోరికలూ న్యాయమైనవే. అవి ఒకదానితో ఒకటి పొసగవు, అంతే.

'ఆదిపురుష్' టీజర్ 2022 అక్టోబర్ 2న అయోధ్యలో వచ్చింది. ఆ రాత్రికే దేశమంతా ఒకటే మాట. సినిమా 2023 జనవరి 12న రావాల్సింది, గ్రాఫిక్స్ మెరుగుపరచడానికి వ్యవధి కావాలని జూన్ 16కు జరిపారు. హాలీవుడ్‌లో దీనికి మూడేళ్ల ముందే ఇలాంటిది జరిగింది. 2019 ఏప్రిల్ 30న వచ్చిన 'సోనిక్ ది హెడ్జ్‌హాగ్' ట్రైలర్‌లో ఆ నీలం రంగు పాత్రకు మనిషి పళ్లలాంటి పళ్లు పెట్టారు. జనం గోల పెట్టారు. కొద్ది రోజుల్లోనే రూపం మారుస్తామని దర్శకుడు ప్రకటించాడు, ఆ నవంబర్‌లో రావాల్సిన సినిమా 2020 ఫిబ్రవరి 14న వచ్చింది. కొత్త రూపాన్ని జనం మెచ్చారు. ఈ రెండిటికీ ఉన్న తేడా గమనించదగ్గది. సోనిక్‌లో తప్పు ఒక్క పాత్ర రూపానిది, ఆ పాత్రను మారిస్తే సరిపోయింది. ఆదిపురుష్‌లో దాదాపు ప్రతి ఫ్రేమూ గీసిన లోకంలోనే ఉంది, కాబట్టి అయిదు నెలల అదనపు సమయం చాలలేదు. విడుదలయ్యాక కూడా అవే విమర్శలు వచ్చాయి. రెండు చోట్లా తొలి మాట అన్న ప్రేక్షకుడే సరిగ్గా చెప్పాడు.

2024 అక్టోబర్ 12న, దసరా రోజు వచ్చిన 'విశ్వంభర' టీజర్‌కూ గ్రాఫిక్స్ మీదే విమర్శలు వచ్చాయి. సినిమా 2025 సంక్రాంతి నుంచి తప్పుకుంది, తర్వాత మళ్లీ వాయిదా పడింది. చిరంజీవి అంటే ప్రాణమిచ్చే అభిమానులకు ఆ నిరీక్షణ ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు. అయినా ఈ వాయిదాలను మంచి సూచనగా తీసుకోవాలి. ఒకప్పుడు ప్రేక్షకుడి అసంతృప్తి విడుదల రోజు తర్వాతే తెలిసేది, అప్పటికి చేయడానికి ఏమీ మిగిలేది కాదు.

డబ్బే కారణమైతే 'హనుమాన్' టీజర్ తేలిపోవాలి. అది 2022 నవంబర్ 21న, ఆదిపురుష్ గోల ఇంకా చల్లారకముందే వచ్చింది. బడ్జెట్ దానితో పోలిస్తే ఎంతో తక్కువ. ఆ టీజర్‌లో చూపించినవి కొన్నే. ఎత్తైన ఆంజనేయ విగ్రహం, నీళ్లు, కొండలు, చివర మంచు మధ్య రామనామం జపించే హనుమంతుడు. మసక వెలుగు, పొగమంచు ఉన్నచోట అంచులు దాగిపోతాయి. విగ్రహం కదలదు కాబట్టి కదలికలో తప్పు దొర్లే అవకాశమే లేదు. చేతిలో ఉన్న పనితనానికి తగిన షాట్లే ఎంచుకున్నారు. మాయాబజార్ లడ్డూల వెనక ఉన్న లెక్కకు ఇది దగ్గరగా ఉంది. సినిమా 2024 జనవరి 12న వచ్చి గెలిచింది.

ఇప్పటిదాకా చెప్పింది తొలి మాట గురించి. గంట గడిచాక వచ్చే మాట వేరు. అవతలి హీరో అభిమానులు స్క్రీన్‌షాట్లు తీసి వెక్కిరించడం మొదలుపెడతారు. అప్పుడు ఇవతలివాడు తనకు కలిగిన అనుమానాన్ని కూడా మింగేసి "ఇంకా ఫైనల్ అవుట్‌పుట్ కాదన్నా, థియేటర్లో చూడు" అని వాదనకు దిగుతాడు. అది స్పందన కాదు, కాపలా. ఫ్లెక్సీ కట్టి, పాలాభిషేకం చేసి, తెల్లవారుజామునే థియేటర్ ముందు నిలబడే ప్రేమలో ఈ కాపలా కూడా ఒక భాగం, దాన్ని తప్పుపట్టలేం. ట్రైలర్ నిజంగా ఎలా పనిచేసిందో తెలియాలంటే మాత్రం గొడవ మొదలవడానికి ముందు నోట్లోంచి వచ్చిన మాటే ఆధారం.

సినిమా ఎలా ఉంటుందన్న రెండో అంచనా ఎందుకు గురి తప్పుతుందో ఇప్పుడు చూడాలి. రెండున్నర గంటల సినిమాలో రెండున్నర నిమిషాలంటే అరవయ్యో వంతు. ఆ వంతును ఏరేవాడు చాలాసార్లు సినిమా ఎడిటర్ కూడా కాదు, ట్రైలర్లు మాత్రమే కట్ చేసే వేరే బృందం. వెనక వినబడే సంగీతం చాలాసార్లు ట్రైలర్ కోసమే కట్టింది. అసలు ట్రైలర్‌లో ఉన్న షాట్ సినిమాలో ఉండాలన్న నియమం కూడా లేదు. 'అవెంజర్స్: ఇన్ఫినిటీ వార్' ట్రైలర్‌లో వకాండా అనే ఊహా రాజ్యపు మైదానంలో మిగతా వీరులతో కలిసి హల్క్ (మామూలు మనిషి మారిపోయే ఆకుపచ్చ భారీ రూపం) పరుగెత్తుతాడు. 2018లో సినిమా వచ్చాక చూస్తే అలాంటి దృశ్యమే లేదు. కథలో ఆ సమయానికి హల్క్ బయటికి రాడన్న రహస్యం కాపాడటానికి ప్రేక్షకుణ్ని పక్కదారి పట్టించారు. 2016 నాటి స్టార్ వార్స్ సినిమా 'రోగ్ వన్' ట్రైలర్లలోని చాలా షాట్లు సినిమాలో కనబడలేదు, మధ్యలో రీషూట్లు జరగడమే కారణం. ఫ్రేము ఫ్రేము ఆపి డీకోడ్ చేసే కుర్రాడి శ్రద్ధ గొప్పదే. అతను చదువుతున్న పేజీ పుస్తకంలో ఉంటుందన్న హామీ మాత్రం లేదు.

ఆ హామీ లేదని సుప్రీంకోర్టు కూడా తేల్చింది. ఆ కేసు వచ్చింది 'ఫ్యాన్' అనే సినిమా మీదే. 2016లో షారుఖ్ ఖాన్ నటించిన ఆ సినిమా ప్రచారంలో ఒక పాట మార్మోగిపోయింది, థియేటర్లో సినిమాలో మాత్రం ఆ పాట లేదు. పిల్లలతో సినిమాకు వెళ్లిన మహారాష్ట్ర టీచర్ ఒకరు వినియోగదారుల ఫోరానికి వెళ్లారు. జిల్లా ఫోరం ఫిర్యాదును కొట్టేసినా, రాష్ట్ర కమిషన్ 10,000 రూపాయల పరిహారం, 5,000 రూపాయల ఖర్చులు ఇవ్వమంది. జాతీయ కమిషన్ దాన్ని సమర్థించింది. 2024 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఆ ఆదేశాలను రద్దు చేసింది. ప్రచారానికి వదిలే ట్రైలర్ ఒక ప్రకటన మాత్రమేనని, అందులో ఉన్నదంతా సినిమాలో ఉంటుందన్న వాగ్దానం కింద దాన్ని చూడలేమని చెప్పింది. చట్టం ప్రకారం అది సరైన తీర్పే కావచ్చు. డబ్బు ఖర్చుపెట్టి ఇంటిల్లిపాదినీ తీసుకెళ్లే మనిషికి మాత్రం ట్రైలర్ తప్ప ఇంకో ఆధారం ఏముంది? రాష్ట్ర కమిషన్‌కు ఆ టీచర్ బాధ అర్థమైందన్నది గుర్తుంచుకోవాల్సిన సంగతి.

"కథంతా చెప్పేసినారు" అన్న ఫిర్యాదు సంగతి వేరు. ఇది చాలాసార్లు అనవసర భయం. 2012లో వచ్చిన 'ఈగ' కథను రాజమౌళి సినిమా మొదలుపెట్టినప్పుడే చెప్పేశారు. చంపబడ్డ కుర్రాడు ఈగగా పుట్టి పగ తీర్చుకుంటాడని తెలిసే జనం థియేటర్‌కు వెళ్లారు. ఒక ఈగ మనిషిని ఎలా చంపగలదు అన్నదే వాళ్లను కుర్చీలో కూర్చోబెట్టింది. అదే దర్శకుడు 'బాహుబలి' మొదటి భాగాన్ని ఒక ప్రశ్నతో ఆపి, దాదాపు రెండేళ్లు దాని జవాబు బయటికి పొక్కనివ్వలేదు. రెండో భాగం ట్రైలర్ 2017 మార్చిలో వచ్చినప్పుడు కూడా ఆ ముడి విప్పలేదు. ఫాంటసీలో పునాది చెప్పడం వేరు, ముడి విప్పడం వేరు. పునాది ముందే తెలిస్తే ప్రేక్షకుడికి ఉత్సాహం పెరుగుతుంది.

హారర్ ట్రైలర్ల మీద తొలి తీర్పు అన్నిటికంటే బలహీనమైనది. భయం పుట్టేది ఎదురుచూపులో. రెండు నిమిషాల్లో ఎదురుచూపుకు చోటు లేదు కాబట్టి వరసగా ఉలికిపాట్లు పేరుస్తారు. పైగా గుండెల్లో దడ పుట్టించే లోతైన శబ్దాన్ని ఫోన్ స్పీకర్ పలికించలేదు. టీ కొట్టు దగ్గర నిలబడి ఫోన్‌లో చూసి "భయమేం లేదురా" అనే మాట నిజమే, కానీ అది ఆ ఫోన్ గురించి చెప్పిన మాట.

తెర సైజు మిగతా జానర్లకూ వర్తిస్తుంది. ఫోన్‌లో వచ్చే వీడియోను డేటా ఆదా కోసం బాగా కుదించి పంపుతారు. చీకటి దృశ్యాల్లో నలుపు గళ్లు గళ్లుగా విడిపోతుంది. ఎండలో రోడ్డు మీద చూస్తే అదీ కనబడదు. ఒకప్పుడు నెల్లూరు జిల్లాలో ఉండి 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లాలోకి వెళ్లిన సూళ్లూరుపేటలో వంద అడుగులకు పైగా వెడల్పున్న తెర ఉంది. 2019 ఆగస్టు 30న 'సాహో'తో మొదలైన ఆ థియేటర్‌కు చెన్నై నుంచి కూడా సినిమా పిచ్చోళ్లు వస్తారు. అంత తెర మీద, చుట్టూ శబ్దంతో చూస్తే కొన్ని ట్రైలర్లు ఒక్కసారిగా లేచి నిలబడతాయి. ఫోన్‌లో ఇరుకుగా అనిపించిన లోకం అక్కడ విశాలమవుతుంది. దీనికి రెండో వైపూ ఉంది. ఫోన్‌లో దాగిన అంచుల లోపాలు ఆ తెర మీద అరచేతి మందాన కనబడతాయి. 2025లో 'అవతార్: ఫైర్ అండ్ యాష్' ట్రైలర్‌ను ముందు థియేటర్లలో వేసి, కొద్ది రోజుల తర్వాతే ఆన్‌లైన్‌లో వదిలారు. తమ పనిని ముందు పెద్ద తెర మీద చూడమని అడిగే ధైర్యం అది. తెలుగులోనూ ట్రైలర్‌ను థియేటర్లలో వేసి అభిమానుల్ని పిలవడం ఇప్పుడు అలవాటైంది. అక్కడ కేకల్లో సగం డైలాగులు వినబడవు, నిజమే. గ్రాఫిక్స్‌ను ముందు పెద్ద తెర మీద, తర్వాత ఫోన్‌లో చూసే వరస మాత్రం మంచిది.

రాబోయేవాటిలో అందరి కళ్లూ ఉన్నది 2027లో వస్తుందని ప్రకటించిన రాజమౌళి సినిమా 'వారణాసి' మీద. 2025 నవంబర్ 15న రామోజీ ఫిల్మ్ సిటీలో దాని టైటిల్ వీడియో చూపించారు. అందులో హీరో గురించి గొప్పలు చెప్పే గొంతు లేదు. అంటార్కిటికా మంచు, ఆఫ్రికా అడవి, త్రేతాయుగపు లంక ఒకదాని వెనక ఒకటి వస్తాయి. కాలాల మధ్య, ఖండాల మధ్య ప్రయాణం ఉంటుందన్న నియమం మాటల్లో చెప్పకుండానే తెలిసిపోతుంది. చివర మహేశ్ బాబు త్రిశూలం పట్టుకుని ఎద్దు మీద వస్తాడు.

ఆ ఎద్దు దగ్గర ప్రకాశం జిల్లా ప్రేక్షకుడి మాట వినాల్సిందే. ఒంగోలు జాతి ఎద్దుల్ని దగ్గర్నుంచి చూస్తూ పెరిగినవాళ్లు, బండలాగుడు పందేలకు వెళ్లేవాళ్లు ఇక్కడ ఊరూరా ఉన్నారు. బ్రెజిల్‌లో కోట్ల సంఖ్యలో పెరుగుతున్న నెలోర్ పశువులు ఈ నేల జాతి నుంచి వెళ్లినవే. పరుగెత్తే ఎద్దుకు మూపురం ఒక వైపుకు ఒరిగి మళ్లీ ఎలా నిలుస్తుందో, గంగడోలు అడుగుకూ అడుగుకూ మధ్య ఎంత ఆలస్యంగా ఊగుతుందో, మనిషి ఎక్కితే వీపు ఎక్కడ కుంగుతుందో వాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. కంప్యూటర్ జంతువుల్లో ఎప్పుడూ ముందు బయటపడే లోపం చర్మానిదీ, దాని కింద కండదీ. రెండూ విడివిడిగా కదలాలి. టైటిల్ వీడియోలో ఆ షాట్ కొద్ది సెకన్లే. విడుదలకు ముందు వచ్చే పూర్తి ట్రైలర్‌లో ఆ ఎద్దు పగటి వెలుగులో, పక్క నుంచి, నాలుగు అడుగులు వేసే షాట్ ఉంటే ఒంగోలు కుర్రాళ్లు అనే తొలి మాటను రాజమౌళి గ్రాఫిక్స్ బృందం రాసుకుని దగ్గర పెట్టుకోవచ్చు.